పెసరపొట్టు రంగు: స్క్రీన్ మీద బాగుంది, కాగితం మీద బురద. పాలెట్ ఎలా సర్దాలి?

లేబుల్‌పని అడిగిన ప్రశ్న:

మొలకెత్తిన పెసల పిండికి లేబులూ, దానికో చిన్న వెబ్‌సైటూ చేస్తున్నాను. ప్రధాన రంగుగా పెసల పొట్టు రంగు ఎంచుకున్నాం. చిలకపచ్చ కాదు, పిస్తా కాదు. చీరల కొట్లో మెహందీ అంటారే, దానికి ఒక మెట్టు లేత. ఆర్‌జీబీలో 154, 155, 90.

రంగు ఒక్కటీ విడిగా చూస్తే చక్కగా ఉంది. పక్కన ఏది పెట్టినా చెడుతోంది. మామూలు బూడిద రంగు పెడితే ఆ బూడిద ఊదాగా కనిపిస్తోంది. నారింజ పెడితే చవకబారుగా ఉంది. హెడ్డింగుల కోసం ఇదే రంగును ముదురు చేస్తే చెరువు నాచులా తయారైంది. బటన్ మీద తెల్ల అక్షరాలు అసలు ఆనడం లేదు.

ప్రింటు సంగతి ఇంకా అన్యాయం. లేబులు తెల్ల స్టిక్కర్ కాగితం మీద. సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చిన విలువలు సయాన్ 40, మెజెంటా 30, ఎల్లో 75, బ్లాక్ 0. మొదటి ప్రూఫ్ (నమూనా అచ్చు) ఆకుపచ్చగా వచ్చింది, రెండోది గోధుమ రంగులోకి దిగింది. ఫైలు అదే, ఏమీ మార్చలేదు. తర్వాత దశలో నేరుగా క్రాఫ్ట్ పౌచ్ (గోధుమ రంగు కాగితం సంచి) మీదే వేయాలన్న ఆలోచన కూడా ఉంది.

ఈ రంగు వదిలేయమంటారా, దారికి తేవచ్చా?

---

రంగులడబ్బా జవాబు:

వదలక్కర్లేదు. మీరు దీన్ని ఆకుపచ్చ అనుకుని పని చేస్తున్నారు, చిక్కంతా అక్కడే. ఇది పసుపు.

హెచ్‌ఎస్‌ఎల్‌లో పెట్టి చూడండి: హ్యూ (రంగు చక్రంలో చోటు) 61, శాచురేషన్ (గాఢత) 27, లైట్‌నెస్ (వెలుతురు) 48. శుద్ధమైన పసుపు హ్యూ 60. అంటే మీ రంగుకీ పసుపుకీ తేడా ఒక్క డిగ్రీ. వెబ్‌లో ‘ఆలివ్’ అని పేరు పెట్టిన 128, 128, 0 కూడా హ్యూ 60యే, వెలుతురు సగానికి కోసిన పసుపు. పసుపును ముదురు చేస్తే ముదురు పసుపు రాదు, కంటికి పచ్చగా తిరుగుతుంది. నీలాన్ని ముదురు చేస్తే నీలంగానే ఉంటుంది, ఎరుపూ చాలావరకు అంతే. పసుపు మాత్రం పేరే మార్చేసుకుంటుంది. పచ్చగడ్డికీ పచ్చకామెర్లకీ ఒకే మాట వాడే మనకు ఇది వింతగా తోచకూడదు మరి.

మీ ముదురు మెట్టు నాచులా తేలడానికి కారణం ఇదే. హ్యూ కదపకుండా లైట్‌నెస్ మాత్రం దించితే కంటికి పచ్చదనం పెరుగుతుంది. కాబట్టి కిందికి దిగేకొద్దీ హ్యూను నారింజ వైపు కొద్దిగా తిప్పాలి. నేనైతే మెట్లు ఇలా పెడతాను:

లేత నేల: 226, 226, 196 (హ్యూ 60)
అసలు రంగు: 154, 155, 90 (హ్యూ 61)
బటన్ ముదురు: 106, 104, 52 (హ్యూ 58)
హెడ్డింగు ముదురు: 76, 74, 38 (హ్యూ 57)
అక్షరాల నలుపు: 32, 31, 22
పేజీ నేల, మీగడ రంగు: 248, 245, 234

61 నుంచి 57కి నాలుగు డిగ్రీలే. చాలు. అంతకన్నా తిప్పితే గోధుమ రంగు అవుతుంది, తిప్పకపోతే నాచు. లేత మెట్టులో శాచురేషన్ పెంచకండి. కళ పెరుగుతుందని 50 దాటించారంటే తిండి ప్యాకెట్ జబ్బు చేసినట్టుంటుంది.

ఇక తెల్ల అక్షరాలు. మీ రంగు మీద తెలుపు కాంట్రాస్టు 2.9:1. మామూలు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలన్న ప్రమాణం) అడిగేది 4.5, పెద్ద అక్షరాలకు 3. అంటే పెద్ద హెడ్డింగుకు కూడా పాస్ కాదు. కంటికి మధ్యస్థంగా కనిపిస్తుంది కాబట్టి తెలుపు ఆగుతుందనిపిస్తుంది, కానీ పసుపు వెలుతురు ఎక్కువున్న రంగు. అదే ఆర్‌జీబీ మీద పైన చెప్పిన 32, 31, 22 నలుపు పెడితే 5.7 వస్తుంది. బటన్ మీద తెలుపే కావాలంటే బటన్‌ను 106, 104, 52కి దించండి, 5.8 వస్తుంది. మీగడ నేల మీద 76, 74, 38 హెడ్డింగు 8.3. అసలు రంగు మీద అదే హెడ్డింగు ముదురు పెడితే మాత్రం 3.1 మాత్రమే, పెద్ద అక్షరాల వరకే. ‘ఒకే కుటుంబం కదా’ అని ఎక్కువమంది జారేది ఇక్కడే.

బూడిద ఊదాగా మారడం మీ స్క్రీన్ తప్పు కాదు. ఏ రంగైనా పక్కనున్న తటస్థ రంగును తన ఎదురు రంగు వైపు తోస్తుంది. పసుపుపచ్చకు ఎదురు ఊదా. అద్దకాల పనిలో చెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే పట్టుకున్న విషయం ఇది. విరుగుడు: బూడిదకు కాస్త పసుపు ముందే కలిపేయండి. 120, 120, 120 బదులు 120, 117, 106 పెట్టండి. విడిగా చూస్తే మాసినట్టుంటుంది, మీ రంగు పక్కన పెడితే అచ్చమైన బూడిదలా కూర్చుంటుంది. సన్నగీతలు, టేబుల్ అంచులు, నీడలు అన్నీ దీన్నుంచే తీయండి. శుద్ధ నలుపును పారదర్శకం చేసి వేసే నీడ కూడా మీగడ నేల మీద అలాగే ఊదాగా తేలుతుంది.

---

నాలుగోప్లేటు జవాబు:

స్క్రీన్ సంగతి పైన వచ్చేసింది. ప్రెస్ సంగతి చెబుతాను.

40, 30, 75 అనే కలయికలో మూడు ఇంకులు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. మెజెంటా 30, దానికి సరిపడా సయాన్, ఎల్లో కలిసి బూడిదను తయారు చేస్తున్నాయి. మిగిలిన కొంచెం సయాన్, బోలెడు ఎల్లో మీ రంగు. ఆ బూడిద మూడు ఇంకుల తూకం మీద నిలబడింది. ప్రెస్‌లో సయాన్ కాస్త లావైతే ఆకుపచ్చ, మెజెంటా లావైతే గోధుమ. మధ్య టోన్లలో ఇంకు చుక్క కాగితం మీద పరుచుకోవడం సుమారు 15 శాతం ఉండడం మామూలే, అన్‌కోటెడ్ (పూత లేని) కాగితం మీద ఇంకా ఎక్కువ. ఫైలు మార్చకుండానే రెండు ప్రూఫులు రెండు దారులు పట్టింది అందుకే.

బూడిదను నలుపు ఇంకుకు అప్పజెప్పండి. సయాన్ 10, మెజెంటా 8, ఎల్లో 52, బ్లాక్ 30తో మొదలుపెట్టండి. ఇప్పుడు నలుపు లావైతే రంగు కాస్త ముదురవుతుందే తప్ప అటు ఇటు తిరగదు. ముదురు, లేత తేడాను కన్ను క్షమిస్తుంది. పచ్చ, గోధుమ తేడాను క్షమించదు. ఫొటోషాప్‌లో మీ రంగు ల్యాబ్ విలువలు సుమారు ‘ఎల్’ (వెలుతురు) 63, ‘ఏ’ (పచ్చ-ఎరుపు) మైనస్ 8, ‘బీ’ (నీలం-పసుపు) 34 చూపిస్తుంది. అందులో ‘ఏ’ విలువ ఒక్కటీ నాలుగైదు పాయింట్లు జరిగితే చాలు, రంగు వేరే పేరు పెట్టుకుంటుంది. ‘బీ’ అంతే జరిగినా ఎవరూ పట్టించుకోరు. అందుకే ప్రెస్‌వాళ్లకు ప్రూఫ్ చూసి ‘ఇంకొంచెం పచ్చగా’ అనకండి. ల్యాబ్ అంకెలు ఇచ్చి, ‘ఏ’ విలువను పట్టుకోమనండి.

ఈ పద్ధతికి ఓ బాధ ఉంది. లేత టింట్లలో నలుపు చుక్క విడిగా కనిపించి గరుకుగా ఉంటుంది. ఆఫ్‌సెట్‌లో 175 లైన్ల స్క్రీన్ (అంగుళానికి 175 వరసల చుక్కలు) మీద పట్టదు. ఫ్లెక్సోలో (మెత్తటి ప్లేట్లతో రోల్ మీద వేసే అచ్చు) ముతక స్క్రీన్ అయితే పట్టేస్తుంది. లేత నేల మెట్టుకు నలుపు వాడకండి, దానికి ఎల్లో ఎక్కువ, సయాన్ కొద్దిగా చాలు.

ఖాయం చేసుకునే ముందు షీటులో కోసి పారేసే అంచున తొమ్మిది గళ్లు వేయించండి. అడ్డంగా సయాన్ 6, 10, 14, నిలువుగా మెజెంటా 4, 8, 12, ఎల్లో, బ్లాక్ మార్చకుండా. ఆ ప్రెస్ మీద, ఆ కాగితం మీద ఏ గడి మీ రంగో చూసి దాన్నే పట్టుకోండి. ఖర్చేం లేదు. లామినేషన్ వేయించేట్టయితే దానితో సహా చూడండి. మాట్ వేస్తే ముదురు మెట్లు పాలిపోతాయి, గ్లాస్ వేస్తే లోతుగా దిగుతాయి.

చూడ్డం కూడా ఎక్కడ చూస్తున్నారన్నది ముఖ్యం. ఇలాంటి మాసిన రంగులు ట్యూబులైటు కింద ఒకలా, ఎండలో ఒకలా, దుకాణం ఎల్‌ఈడీ కింద ఇంకోలా ఉంటాయి. ప్రెస్‌లో డీ50 (పగటి వెలుగు ప్రమాణం) లైటు పెట్టె ఉంటే దానికింద, లేదంటే మబ్బు పట్టిన పగటి వెలుగులో కిటికీ పక్కన చూడండి. తర్వాత ఎల్‌ఈడీ కింద ఒకసారి. ఫోన్‌లో తీసిన ఫొటో వాట్సాప్‌లో పంపి సరే అనిపించుకునే అలవాటు ఈ రంగుకు అస్సలు పనికిరాదు.

క్రాఫ్ట్ పౌచ్ మీద నేరుగా అంటే తెల్ల ఇంకు అడుగున తప్పదు. ప్రాసెస్ ఇంకులు (సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్) పారదర్శకం. కాగితం గోధుమ రంగంతా పైకి వచ్చి మీ పసుపును మింగేస్తుంది. తెల్ల పొరను డిజైన్ అంచు నుంచి 0.2 మిల్లీమీటర్లు లోపలికి కుదించండి, లేకపోతే రిజిస్ట్రేషన్ (ప్లేట్ల పొందిక) కాస్త జరిగినా చుట్టూ తెల్లగీత కనిపిస్తుంది. ఇంకో దారి, ఈ రంగును క్రాఫ్ట్ మీద పూర్తిగా మానేసి ముదురు మెట్టును ఒక్క ఇంకుగా వేయడం. నా ఓటు దీనికే.

---

ఒక్కఇంకు జవాబు:

నాలుగోప్లేటు గారితో ఒక్కచోట విభేదం. లేబులులో సగం పైగా ఈ రంగే పరుచుకుంటే నాలుగు ఇంకుల తూకం ఎందుకండీ, స్పాట్ ఇంకు (ఈ రంగుకే ముందుగా కలిపిన ఒకే ఇంకు) కలిపించండి. ఒకే ప్లేటు, చుక్కలు లేని చదును, ఈ నెల అచ్చుకీ వచ్చే ఏడు అచ్చుకీ తేడా రాదు. అదనపు యూనిట్, కడుగుడు ఖర్చు కలుస్తాయి, నిజమే. రెండు మూడు వందల లేబుళ్లు డిజిటల్‌లో వేయిస్తే దీనికి అర్థం లేదు. వేలల్లో ఫ్లెక్సో రోల్ అయితే లెక్క తిరగబడుతుంది.

ఎవరూ చెప్పనిది ఇంకోటి: బార్‌కోడు. చాలా స్కానర్లు ఎర్ర వెలుతురుతో చదువుతాయి. ఎర్ర వెలుతురులో పసుపు, నారింజ, ఎరుపు, గోధుమ అన్నీ తెల్లగా, లేదా తెలుపుకు దగ్గరగా కనిపిస్తాయి. మీ ముదురు మెట్టుతో గీతలు వేస్తే ‘కంటికి నల్లగానే ఉందిగా’ అనిపిస్తుంది, స్కానర్‌కు తడబాటు. అసలు రంగును నేలగా పెట్టినా కాంట్రాస్టు తగ్గుతుంది. తెల్లటి పట్టీ మీద నలుపు ఇంకు ఒక్కటే వాడండి, రెండు పక్కలా ఖాళీ వదలండి.

శాకాహార గుర్తు కూడా ఇలాంటిదే. ఆకుపచ్చ అంచు గడిలో ఆకుపచ్చ చుక్క. నేల రంగుతో అది విడిగా కనపడాలన్నది నిబంధన, ముందువైపు పేరుకు దగ్గర్లో ఉండాలన్నదీ నిబంధనే. మీ రంగు మీద నేరుగా పెడితే కలిసిపోతుంది. తెల్ల గడి వేసి అందులో పెట్టండి. పాలెట్‌కు కలవాలని ఆ గుర్తును మీ ఆలివ్ రంగులోకి మార్చే పని మాత్రం చేయకండి.

---

లేబుల్‌పని:

అందరికీ ధన్యవాదాలు. తొమ్మిది గళ్ల ఉపాయం రేపే చేయిస్తాను. ముదురు మెట్టు 76, 74, 38 పెట్టి చూశాను, నాచు పోయింది. ఇప్పుడు ముదురు రంగే ఎంత ఠీవిగా ఉందంటే లేబులంతా దాంతోనే నింపి, లేత రంగుతో అక్షరాలు పెడదామా అనిపిస్తోంది. పక్క రంగులు మాత్రం ఇంకా తేలలేదు. నారింజ కాకపోతే ఏది?

---

అద్దకం జవాబు:

లేబులంతా ముదురుతో నింపొద్దు. ఆ చుట్టుపక్కలే పాంటోన్ (రంగులకు నంబర్లిచ్చే పట్టిక) 448 సి అనే రంగు ఉంది, ఆర్‌జీబీలో 74, 65, 42. ఆస్ట్రేలియా 2012 డిసెంబరు నుంచి సిగరెట్ పెట్టెలన్నిటికీ తప్పనిసరి చేసింది దాన్నే. జనానికి అతి వికారంగా అనిపించే రంగు ఏదని పరిశోధన చేయించి మరీ ఎంచుకున్నారు. మొదట దాన్ని ఆలివ్ గ్రీన్ అంటే అక్కడి ఆలివ్ రైతుల సంఘం అభ్యంతరం చెప్పింది. ఆ తర్వాత మాసిన ముదురు గోధుమ అని పేరు మార్చారు. దాని హ్యూ 43, మీ ముదురుది 57. ప్రెస్‌లో మెజెంటా కాస్త పొంగితే ఆ దూరం ఎంతసేపు? అక్షరాలకు, గీతలకు, మూత అంచుకు వాడితే దర్జాగా ఉంటుంది. తిండి ప్యాకెట్‌కు ఒళ్లంతా కప్పడానికి కాదు.

పక్క రంగులకు దూరం పోనక్కర్లేదు. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ బట్ట ఒకటి ముందు పరచుకోండి. మీ రంగు అందులో ఆకుల్లో ఉంటుంది. చుట్టూ ఉన్నవి ఏవో చూడండి: కరక్కాయ పట్టిన బట్ట మీగడ రంగు, ఇనప తుక్కు బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేసిన నలుపు, పటిక మీద పట్టిన ఇటుక ఎరుపు, నీలిమందు నీలం. అక్కడ తళుకు రంగు ఒక్కటీ ఉండదు. ఇటుక ఎరుపు బాగా ఎర్రగా కనిపిస్తుంది, ఎందుకంటే పక్కనున్నవన్నీ దానికన్నా నెమ్మది. మీ నారింజ చవకగా ఉన్నది నారింజ కావడం వల్ల కాదు, దాని శాచురేషన్ 90, పక్కనున్నది 27 కావడం వల్ల.

అంకెలు కావాలంటే ఇటుక ఎరుపు 158, 66, 44. నీలిమందు 44, 62, 92. రెండూ మీగడ నేల మీద బాగా చదవగలం, ఎరుపు 5.9, నీలం 9.9. కానీ ఎరుపు అక్షరాలు మీ పెసర రంగు మీద పెడితే కాంట్రాస్టు 2.2. రెండూ వేరు రంగులు కదా, విడిపోతాయనుకుంటాం. వెలుతురులో దగ్గర దగ్గరగా ఉండి అంచు వణుకుతుంది. వాటి మధ్య మీగడ రంగు గీత గానీ నల్ల గీత గానీ పడాలి. కలంకారీలో ప్రతి ఆకు చుట్టూ నల్లగీత ఉంటుంది చూశారా, అది చేస్తున్న పని కూడా ఇదే.

పాళ్లు: మీగడ సుమారు 60 శాతం, పెసర 25, ముదురు 10, ఇటుక ఎరుపు 5 లోపు. నీలం వెబ్‌సైటులో లింకులకు ఉంచండి, లేబులు మీద అక్కర్లేదు. ఎరుపు ఒకే చోట కనపడాలి, బరువు రాసే చోటో, రుచి పేరు దగ్గరో. మూడు చోట్ల పెడితే సంతలా ఉంటుంది.

ఇంకో సంగతి ఆ బట్టల నుంచే. పాత పద్ధతిలో ఆకుపచ్చ అంటే నీలిమందు మీద పసుపు. ఏళ్లు గడిచేసరికి పసుపు వెలిసిపోయి, పాత వస్త్రాల్లో ఆకులు నీలంగా మిగిలాయి. ప్రింటింగ్ ఇంకుల్లోనూ ఎండకు ముందు పోయేవి ఎల్లో, మెజెంటా. మీ రంగు నిలబడిందే ఎల్లో మీద. దుకాణం అద్దాల దగ్గర పెట్టే స్టాండీలు, పోస్టర్లకు ఎండకు తట్టుకునే ఇంకు కావాలని ముందే అడగండి. లేదంటే కొన్నాళ్లకే పెసర రంగు ఎగిరిపోయి నీలి బూడిద మిగులుతుంది.

---

రంగులడబ్బా:

వెబ్‌సైటు గురించి ఒకటి మర్చిపోయాను. ఆర్డరు ‘విజయవంతం’ అన్న సందేశానికి ఈ రంగు వాడకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా పోల్చుకోలేని వాళ్లకు ఇది, ఇటుక ఎరుపు, గోధుమ ఒకే ముద్దలా కనిపిస్తాయి. పైగా అది మీ బ్రాండ్ రంగు కాబట్టి పేజీలో అన్నిచోట్లా ఉంటుంది, సందేశం అని తోచదు. టిక్కు గుర్తు, మాట, రెండూ ఉండాలి. ఇన్‌పుట్ గడి అంచుకు కూడా అసలు రంగు చాలదు. మీగడ మీద అది 2.7 మాత్రమే, అడిగేది 3. బటన్ ముదురు 5.3 ఇస్తుంది, అదే వాడండి.

పిండి ఫొటోలు తీసేటప్పుడు ఈ రంగు కాగితాన్ని నేలగా పరచకండి. దాని మీద పడిన వెలుతురు తిరిగి పిండి మీద పడి నీడలన్నీ పచ్చగా తేలతాయి, తర్వాత సరిచేయడం నరకం. మీగడ గుడ్డ మీద తీసి, రంగును లేఅవుటులో చుట్టూ పెట్టుకోండి.

---

లేబుల్‌పని:

ఫొటోలు నిన్ననే అలా తీశాం, ఆకుపచ్చ చార్టు మీద. పిండి బూజు పట్టినట్టుంది, కారణం ఇప్పుడు తెలిసింది. చివరిగా ఒకటి: తొమ్మిది గళ్లలో ఏది ఎంచాలో క్లయింటుకు చూపించేటప్పుడు గళ్లన్నీ ఒకే షీటులో చూపాలా, విడివిడిగా కోసా?

---

నాలుగోప్లేటు:

కోసి. పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి తోసుకుని మధ్యది ఎప్పుడూ సరైనదిలా కనిపిస్తుంది. ఒక్కో గడిని మీగడ రంగు కాగితం మీద అంటించి, పక్కన నాలుగు పెసలు పెట్టి చూపండి. వెనక నంబరు రాయడం మరవకండి.